వేలి వెనక బ్యాటరీ లైటు

విశాఖపట్నం
14 జూన్ 1987

కొండ దిగని మావయ్యకి,

పైడితల్లి రాస్తున్నది. నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ళు మాత్రం బాగాలేవు, నోరు బాగానే ఉంది. నువ్వు పంపిన కాఫీ గింజలు వేయించబోయి సగం మాడ్చేసి, ఆ నేరం నా స్టవ్వు మీద పెట్టింది. "మా తమ్ముడు వరహాలరావు పంపినవి మాడతాయేటి? నీ స్టవ్వే దొంగది" అంటోంది.

ఇక అసలు సంగతి. మా ఆపరేషన్ థియేటర్‌లోకి కొత్త మిషను వచ్చింది. మత్తు డాక్టరు గణపతిరావు గారు ఎవరిచేతో విదేశం నుంచి తెప్పించారు. రేడియో అంత ఉంటుంది. దానికి ఒక తీగ, తీగ చివర బట్టలారేసుకునే క్లిప్పులాంటిది. అది పేషెంటు వేలికి తగిలిస్తే చాలు, ఒంట్లో రక్తానికి గాలి ఎంత అందుతోందో నూటికి ఇంత అని అంకె వేసి చూపిస్తుంది. సూది లేదు, రక్తం చుక్క తియ్యక్కర్లేదు. క్లిప్పులో రెండు దీపాలుంటాయి. ఒకటి ఎర్రది, రెండోది కంటికి కనపడదు. గాలి బాగా పట్టిన రక్తం ఎర్ర వెలుతురుని దాటనిస్తుందట, గాలి చాలని నల్లరక్తం మింగేస్తుందట. ఎంత దాటిందో చూసి మిషను లెక్క కడుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. గాలి తగ్గితే ఆ చప్పుడు గొంతు కూడా దిగిపోతుంది. నా వేలికి పెట్టి చూశారు, తొంభై ఎనిమిది.

ఆ ఎర్రదీపం చూడగానే నాకేం గుర్తొచ్చిందో చెప్పుకో. బొర్రా గుహ! నేను అయిదో తరగతి, శివరాత్రి తీర్థానికి నన్నూ, కాఫీ తోటలో నా నేస్తం గంగనీ తీసుకెళ్ళావు. లోపల చీకట్లో నీ మూడు సెల్లుల బ్యాటరీ లైటు మా వేళ్ళ వెనక పెట్టి, "సూడండే గుంటల్లారా, ఇదే మీ రత్తం" అన్నావు. వేళ్ళు ఎర్రగా వెలిగాయి. ఆ వెలుగు ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది మావయ్యా. ఆ మూడేళ్ళూ నీ దగ్గర ఉండి చదవకపోతే నేను నర్సునయ్యేదాన్నా?

గంగ ఎలా ఉంది? దాన్ని చూసి ఆరేళ్ళయింది.

నీ ఉద్యోగం పోయినట్టే, ఇంక మనుషుల కళ్ళూ నాలుకలూ చూసే పని లేదు. కోపం తెచ్చుకోకు.

నీ మేనకోడలు
పైడి


అనంతగిరి
2 జూలై 1987

ఒసే గుంటా,

నా ఉద్యోగం నువ్వు తీసేదేమిటే, కాఫీ తోటవాళ్ళు రెండేళ్ళ కిందటే తీసేశారు. మందులగదికి తాళం వేసి, తాళంచెవి నా చేత్తోనే తీసుకున్నారు. అయినా జనం ఇంటికి వస్తూనే ఉన్నారు. కంపౌండరుకి రిటైరుమెంటు ఏమిటని వాళ్ళ ఉద్దేశం.

మీ మిషను చేసే పని నేను ముప్ఫయ్యేళ్ళు చేశాను. రైలు దారి వేసేటప్పుడు సొరంగంలోంచి కూలీలని మోసుకొచ్చేవారు, దుమ్ము తిని ఉక్కిరిబిక్కిరైపోయి. మనిషిని గుమ్మం వైపు తిప్పేవాణ్ణి. దీపం వెలుతురు పనికిరాదు, పగటి వెలుతురే కావాలి. కింది రెప్ప లాగి చూడు, నాలుక చాపమను, గోరు నొక్కి వదులు. ఎవణ్ణి కొండ దింపాలో ఎవణ్ణి పడుకోబెట్టాలో తెలిసిపోయేది. ఒక్కసారీ తప్పలేదని చెప్పను. రెండుసార్లు తప్పింది, ఆ రెండు పేర్లూ నాకు ఇంకా తెలుసు.

బొర్రా సంగతి రాశావు. నువ్వు ఆరోజు ఏడ్చావు, అది మాత్రం రాయలేదు. గబ్బిలాలకి జడిసుంటావు. గంగ నవ్వింది, నువ్వు ఏడ్చావు. తిరిగొస్తూ జీళ్ళు కొనిపెట్టేదాకా ఊరుకోలేదు.

గంగ సంగతి అడిగావు కాబట్టి రాస్తున్నాను. దానికి మెడ ముందర వాపు వచ్చింది. మన కొండల్లో ఆడవాళ్ళకి ఇది మామూలేగాని, దీనిది గొంతుని నొక్కుతోంది. ఏడాదిగా వెల్లకిల పడుకోలేదు. గుంజకి వీపు ఆనించి కూర్చునే నిద్రపోతోంది. కోసి తీసెయ్యాలి, వేరే దారి లేదు. మొగుడు భీముడు మొదట ఒప్పుకోలేదు. "పైడమ్మ ఉన్నాది కదా అక్కడ, అదుంటే ఎల్తాను" అని గంగే అంది. నిన్ను నమ్మి దిగుతోంది. జాగ్రత్తగా చూసుకో.

మీ అమ్మకి చెప్పు, గింజలు సన్నసెగ మీద వేయించాలి.

వరహాలరావు


విశాఖపట్నం
20 ఆగస్టు 1987

మావయ్యా,

గంగ ఈపాటికి ఇల్లు చేరి ఉంటుంది, సంగతి తెలిసే ఉంటుంది. అయినా నా నోటితో నేను చెప్పాలి.

ఆపరేషన్ చెయ్యలేదు. నేనేమీ చెయ్యలేకపోయాను.

నన్ను చూడగానే వాటేసుకుంది. మా క్వార్టర్‌లోనే అన్నం తింది. అమ్మతో నవ్వుతూ మాట్లాడింది. ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాగితం మీద వేసే వేలిముద్ర దగ్గర మాత్రం మొండికేసింది. మా దగ్గర ముందురోజే వార్డులో వేయించుకుంటారు. ఇది మాత్రం, "నోపలికెల్లే ముందల ఏత్తాను. ఈలోగా మనసు మారిపోతే ఏటి సేత్తావు?" అంది. సరేనని మర్నాడు థియేటర్ తలుపు దగ్గర గుమాస్తా కాగితం పట్టుకు నిలబడితే అక్కడ వేసింది. బల్ల మీద పడుకోబెట్టి, ఒక చేతికి బీపీ పట్టీ కట్టి, రెండో చేతి చూపుడువేలికి నేనే క్లిప్పు తగిలించాను.

ఎనభై రెండు.

బొటనవేలికి మార్చాం. అంతే. ముక్కుకి ఆక్సిజన్ పెట్టాం, అంకె కదల్లేదు. గాలి పెట్టినా కదలకపోతే ఊపిరితిత్తులే చెడ్డాయని అర్థం అన్నారు గణపతిరావు గారు. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతుందా, అదే అడ్డపొగ, అని అడిగారు. చిన్నప్పట్నుంచీ తాగుతుందని చెప్పాను. పెదాలు చూద్దామంటే పొగకి నల్లబడిపోయి ఉన్నాయి. ఈ స్థితిలో మత్తిస్తే మళ్ళీ లేవదన్నారు. ఆయన చెడ్డవాడు కాదు మావయ్యా, భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. రక్తం తీసి గాలి ఎంతుందో చూసే మిషను మా దగ్గర లేదు. ఎక్స్‌రే తీయించాం, దాంట్లో ఏమీ కనపడలేదు. చుట్ట మానేసి మూడు నెలలాగి రమ్మన్నారు.

వెళ్ళేటప్పుడు గంగ నావైపు చూడలేదు.

పైడి


అనంతగిరి
3 సెప్టెంబరు 1987

పైడితల్లికి,

మీ మిషనుకి కళ్ళు పోయాయి.

ఎనభై రెండు ఉన్న మనిషి కొండెక్కుతుందా? బస్సు దిగి నెత్తిమీద మూట పెట్టుకుని గంగ వాళ్ళ ఊరికి రెండు మైళ్ళు ఎగువకి నడిచి వెళ్ళింది. కూడా నడిచిన భీముడు ఆయాసపడ్డాడు, అది పడలేదు. వచ్చిన మర్నాడే నేను చూశాను. నాలుక ఎర్రగా ఉంది, రెప్ప ఎర్రగా ఉంది. మెడకి ఉన్న జబ్బుని ఊపిరితిత్తులకి అంటగట్టారు మీరు. పెదాలు నల్లగా ఉంటే నాలుక చూడాలని అంత చదివినవాళ్ళకి ఒక్కరికీ తోచలేదా?

ఇక్కడ ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా? "ఎర్ర దీపం ఎట్టి గంగ రత్తం తాగీసినారు, అందికే ఒట్టి సేతుల్తో అంపీసినారు" అంటున్నారు. ఇంకోడెవడూ జన్మలో కొండ దిగి ఆస్పత్రికి రాడు. ముప్ఫయ్యేళ్ళు పట్టింది నాకు వీళ్ళని సూదికి ఒప్పించడానికి. మీరు ఒక్క పూటలో పాడు చేశారు.

గంగ ఇప్పుడు మజ్జిగ కూడా మెల్లగా మింగుతోంది. ఆ మిషను సముద్రంలో పారేసి ఆపరేషన్ చెయ్యండి.

వరహాలరావు


విశాఖపట్నం
15 సెప్టెంబరు 1987

మావయ్యకి,

ఉత్తరం అందింది. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

మిషను తప్పయితే అందరికీ తప్పు చూపించాలి. గంగకి పెట్టిన పది నిమిషాల్లోనే నా వేలికి పెట్టాను, తొంభై ఎనిమిది. ఆ తరవాత వచ్చిన గర్భిణికి తొంభై ఏడు. గంగ ఒక్కదానికే ఎనభై రెండు. నువ్వేమో నాలుక చూశాను, రెప్ప చూశాను అంటావు. నువ్వు గంగని ఎత్తుకుని పెంచావు మావయ్యా. నీ కళ్ళకి అది బాగుండాలని ఉంది కాబట్టి బాగున్నట్టే కనపడుతుంది. మిషనుకి ఎవరిమీదా ప్రేమ లేదు. అందుకే దాన్ని నమ్ముతాం. నీ గుమ్మం వెలుతురు రోజులు అయిపోయాయి, ఒప్పుకోవడం కష్టంగా ఉండొచ్చు.

నాకు మాత్రం గంగ ఏమీ కాదా? దాని ఉట్టిలోంచి రాగి సంకటి తిని పెరిగాను నేను.

చుట్ట ముట్టుకోవద్దని చెప్పు. డిసెంబరులో పంపు.

పైడితల్లి


అనంతగిరి
30 అక్టోబరు 1987

పైడితల్లికి,

చుట్ట మానేసింది. డిసెంబరులో వస్తుంది. నేను చెప్పేదేమీ లేదు.

వరహాలరావు


విశాఖపట్నం
19 డిసెంబరు 1987

మావయ్యా,

మళ్ళీ అంతే. ఎనభై నాలుగు.

ఈసారీ తలుపు దగ్గరే వేలిముద్ర వేసింది. కిందటిసారి ముందే ఒప్పుకోనందుకే ఇలా అయిందేమో, ఈసారైనా ముందే వెయ్యవే అని బతిమాలాను. వినలేదు. చుట్ట మానేసిన మనిషికి రెండు అంకెలే పెరగడమేమిటని గణపతిరావు గారికి కూడా అంతుపట్టలేదు. చివరికి వద్దన్నారు. బల్ల దింపుతుంటే గంగ నాతో, "నానింక రానే పైడమ్మా. ఎలాగూ కూకునే తొంగుంటన్నాను, కూకునే పోతాను" అంది. మామూలుగా, కూర ఏం వండావని అడిగినట్టు అంది. అమ్మ ఇడ్లీ పొట్లం కడితే అరుగు మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

నేను స్టోరు గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఎవరితో చెప్పుకోను? నీతో చెప్పుకుందామంటే నువ్వు కోపంగా ఉన్నావు. అక్టోబరు ఉత్తరంలో మూడే మాటలు రాశావు, అదీ ఒక్కో అక్షరం అణా బిళ్ళంత. అరుస్తున్నట్టు ఉంది చూస్తే. సెప్టెంబరులో నేను రాసినదానికి అన్ని నెలల కోపమా? తప్పే. వెనక్కి తీసుకుంటున్నాను. మామూలు అక్షరాలతో నాలుగు మాటలు రాయి.

పైడి


అనంతగిరి
11 జనవరి 1988

నా తల్లీ పైడీ,

ఈ ఉత్తరంలోనూ అక్షరాలు పెద్దవే. పెద్దవి రాస్తేనే నాకు కనపడుతున్నాయి. కోపం కాదే పిచ్చిదానా. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. ఏడాదిగా ముదురుతున్నాయి. తెల్లటి బట్ట కూడా నాకు టీనీళ్ళలో ముంచినట్టు కనపడుతోంది.

ఇప్పుడు అర్థమైందా, నీ సెప్టెంబరు ఉత్తరం నాకు ఎక్కడ తగిలిందో? నా కళ్ళు సరిగా చూడ్డంలేదని నువ్వు ఊరికే అన్నావు, అది నిజమని నాకు తెలుసు. గంగ నాలుక ఎర్రగా ఉందని అంత జోరుగా రాసినవాణ్ణి, నీ ఉత్తరం చదివాక దాన్ని మళ్ళీ గుమ్మంలో నిలబెట్టి చూశాను. ఎరుపో నలుపో తేలలేదు. "ఎలాగున్నాది బాబూ?" అని అడిగింది. నాకు తెలీదే అన్నాను. ముప్ఫయ్యేళ్ళలో ఒక్కరితోనూ ఆ మాట అనలేదు.  అందుకే నీకు మూడు మాటలే రాయగలిగాను.

సరే, నా గొడవ చాలు. ఇది శ్రద్ధగా చదువు.

మొన్న ఆదివారం గంగని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను. చూసి చెప్పే వైభోగం ఎలాగూ పోయింది, విందామనుకున్నాను. ఆస్పత్రిలో అడుగు పెట్టింది మొదలు ఒక్కొక్కటీ చెప్పమన్నాను. ఇది విసుక్కుంటూనే చెప్పింది. "ఏటుంది బాబూ. గౌను తొడిగినారు. నెత్తికి పచ్చ టోపీ ఎట్టీసినారు, ఒక్క ఎంటికి కనపడకుండా. గుమస్తా ఏలు అట్టుకోని సిరాలో అద్దీసినాడు, కాయితం మీద నొక్కీసినాడు. తుడుసుకుందారంటే జుట్టేదీ? టోపీ నోపలున్నాది. ఏలికీ ఏలికీ రుద్దుకున్నాను. రెండేళ్ళూ నల్లగయిపోనాయి. బేగి రా, బేగి రా అని పైడమ్మ నాగీసింది."

వేలిముద్ర వేశాక మనవాళ్ళు ఏం చేస్తారో నీకు తెలియంది కాదు. జీతాల రోజున తోటలో బారులు తీరి ముద్రలు వేసి, వేలు జుట్టులోకి పోనిచ్చి తుడుచుకుంటూ వెళ్ళేవారు. దీనికి టోపీ ఉంది. అందుకని బొటనవేలి సిరా చూపుడువేలికి రుద్దుకుంది. మీరు ఏ రెండు వేళ్ళకి క్లిప్పు పెట్టారు? చూపుడువేలు, బొటనవేలు. నీ ఆగస్టు ఉత్తరం తీసి దీపానికి దగ్గరగా పట్టుకుని మళ్ళీ చదివాను, నువ్వే రాశావు.

అప్పటికీ నాకు తట్టలేదు. గంగకే తట్టింది. నవ్వుతూ, "బొర్రాల పైడమ్మకి అయినట్టే నాకూ అయినాది" అంది. ఏమిటే అది అన్నాను. "మరిసిపోనావేటి బాబూ? దాని కక్కే పెన్ను సిరా ఏళ్ళకి అంటీసుంది. నువ్వు బ్యాటరీ నైటు ఎట్టినావు. నాయి ఎర్రగా ఎలిగినాయి. దానివి ఆ రెండేళ్ళూ మసక్కే ఉన్నాయి. నాకు రత్తం నేదు మావా అనీసి ఏడిసీసింది. సదూకున్నోళ్ళకి రత్తం ఉండదేటే అని నాను నవ్వినాను."

గబ్బిలాలకి కాదే నువ్వు ఏడ్చింది! ఇరవయ్యేళ్ళు తప్పు గుర్తుపెట్టుకున్నాను.

మూడు సెల్లుల బ్యాటరీ లైటే ఆ సిరాని దాటలేకపోయింది. మీ మిషను చిన్న దీపం దాటుతుందా? దాటని వెలుతురుని అది నల్లరక్తం కింద జమకట్టుకుంటోందేమో. నాకు మిషన్లు తెలియవు. నీ వేలికి ముద్రల సిరా పూసుకుని పెట్టి చూడు. తప్పయితే ఈ గుడ్డివాడి చాదస్తం అనుకో. గంగకి మాత్రం టైము లేదు, గంజి కూడా పొలమారుతోంది.

నీ మావయ్య


విశాఖపట్నం
18 జనవరి 1988

మావయ్యా, మావయ్యా,

ఉత్తరం చేతిలో పట్టుకునే థియేటర్‌కి పరిగెత్తాను. చెప్పులు వార్డు గుమ్మంలోనే ఉండిపోయాయి. క్లిప్పు పెట్టుకున్నాను, తొంభై ఎనిమిది. గుమాస్తా దగ్గర సిరా డబ్బా తెచ్చి, గంగలాగే బొటనవేలు అద్ది చూపుడువేలికి రుద్ది, మళ్ళీ పెట్టాను.

తొంభై ఒకటి. ఎనభై ఎనిమిది. ఎనభై నాలుగు దగ్గర ఆగింది. టిక్కు టిక్కు గొంతు కూడా దిగిపోయింది. ఊపిరి ఆడుతూ నిలబడి ఉన్నదాన్ని, చావుకి దగ్గరపడ్డానని చెప్తోంది నాకు!

గణపతిరావు గారిని పిలిచాను. ఆయన తన వేలికి పూసుకున్నారు. అంతే అయింది. సిరా వేలు దీపం కింద తిప్పి చూసుకున్నారు. తరవాత, "ఎవరు రాశారమ్మా ఇది?" అన్నారు. మా మావయ్య, కంపౌండరు అన్నాను. నీ ఉత్తరం అడిగి తీసుకుని మొత్తం చదివారు, బొర్రా సంగతితో సహా. చదివి, "రెండుసార్లు వెనక్కి పంపాను ఆ అమ్మాయిని" అని కుర్చీలో కూర్చుండిపోయారు.

మిగతావాళ్ళకి ఎందుకు రాలేదంటే, అందరూ ముందురోజే ముద్ర వేసేస్తారు, తలకి రాసుకుంటారు, తెల్లారి స్నానం చేస్తారు. గంగ ఒక్కతే, నామీద నమ్మకంతో కొండ దిగినా, మనసు మారుతుందేమోనని చివరిదాకా ఆగి వేసింది. సిరా వేలు నేను రోజూ చూసే వేలే, అందుకే చూడలేదు. క్లిప్పు పెట్టిన చెయ్యి నాదే మావయ్యా. ఆ మాట నేను మర్చిపోను.

మిషనుకి ఎవరిమీదా ప్రేమ లేదు అని రాశాను నీకు, గొప్పగా. వేలు కడిగే సబ్బు కూడా దానికి లేదు.

వచ్చే సోమవారానికి గంగని తీసుకురా. నేను రానన్నానుగా అంటే, చేతులు నేనే కడుగుతానని చెప్పు. నువ్వూ రా, నీ కళ్ళు చూపిద్దాం.

పైడి


అనంతగిరి
9 మార్చి 1988

పైడమ్మా,

గంగని ఇంటి దగ్గర దింపి నెల దాటింది, ఉత్తరం రాయలేదని మీ అమ్మ తిడుతోందట. అక్షరాలు దిద్దుకుంటూ రాయాలి కదా, పేజీకి ఒక పూట పడుతోంది.

ఆరోజు తలుపు బయట బల్ల మీద కూర్చున్నాను. నువ్వు బేసిన్ తెచ్చి గంగ చేతులు సబ్బుతో కడగడం నాకు మసగ్గా కనపడింది. పదివేళ్ళూ ఒక్కొక్కటీ తోమావు. "పెల్లికూతుర్ని సేత్తన్నావేటే" అని అది నవ్వింది. లోపలికి వెళ్ళాక ఆ టిక్కు టిక్కు తలుపు అవతల వినపడుతూనే ఉంది. గొంతు దిగితే తెలుస్తుందని నువ్వు రాశావు కదా, చెవులు రిక్కించి కూర్చున్నాను. రెండు గంటలు ఒకే గొంతుతో మోగింది. కళ్ళు లేనివాడికి కూడా తెలిసేలా ఎవరు చేశారో గాని వాడు మంచివాడే. నీ మిషనుని సముద్రంలో పారెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గంగ వెల్లకిల పడుకుంటోంది. మొదటిరోజు చాపమీద పడుకుని ఇంటి కప్పు చూసి, "మా ఇంటి సూరు ఇలాగుంటాదని మరిసిపోనాను" అందట. భీముడు వచ్చి చెప్పాడు. చెప్పి ఏడ్చాడు. ఊళ్ళో ఇప్పుడు మాట మారింది. రక్తం తాగే దీపం కాదట, సబ్బు అడిగే దీపమట.

నా కళ్ళ ఆపరేషన్‌కి రమ్మని రాశావు. ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. జనానికి ధైర్యం చెప్పినవాణ్ణి, నా దాకా వచ్చేసరికి వణుకు పుట్టింది, ఇప్పుడు దాచేదేముంది. నిన్న గంగ వచ్చి, "ఎల్దూ బాబూ. మా పైడమ్మ సేతులు కడుగుతాది" అని గద్దించింది. ఇరవై ఒకటో తారీకున పాసింజరుకి వస్తున్నాను. గంగ తోడొస్తుంది. బొర్రా దాటాక సొరంగాల్లో పెట్టెంతా చీకటిగా ఉంటుంది కదా, బ్యాటరీ లైటుకి కొత్త సెల్లులు వేశాను. నాకు కనపడకపోయినా గంగకి కనపడుతుంది, చూసి చెప్తుంది.

ఇది రాస్తుంటే గంగ పక్కనే కూర్చుంది. తన మాట కూడా రాయమంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఒలే పైడమ్మా, ఇడ్లీ పొట్టం వొగ్గీసి ఎల్లిపోనాను గదా, అది నా మనసుల ఉండిపోనాది. మీ యమ్మని మల్లీ కట్టమను, తింతాను. సదూకున్నోళ్ళకి రత్తం ఉన్నాదిలే."

సంతకం పెడతానని నా పెన్ను లాక్కుని, బొటనవేలికి సిరా పూసుకుని కింద ముద్ర వేసింది. ఆగవే, సబ్బు తెస్తానన్నాను. నేను లేచేలోపలే వేలు జుట్టులో పెట్టి తుడిచేసుకుంది.

నీ మావయ్య
వరహాలరావు